స్కౌట్ అంటే ఏ స్కౌట్? ఈ-స్పోర్ట్స్ వార్తల యాప్‌కు పునాది ఎక్కడ వేయాలి

2021 నవంబర్ 6న ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ ఫైనల్ జరిగింది. చైనా జట్టు ఎడ్వర్డ్ గేమింగ్ 3-2తో నెగ్గింది. ఫైనల్లో ఉత్తమ ఆటగాడి గౌరవం ఆ జట్టులో మిడ్ లేన్ (మధ్య దారి) కాచే ఆటగాడు స్కౌట్‌కు దక్కింది. మన దేశంలో బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కు భారత రూపం) చూసే కుర్రాణ్ని స్కౌట్ ఎవరని అడిగితే మాత్రం టీమ్ ఎక్స్‌స్పార్క్ స్కౌట్ పేరే చెబుతాడు. కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్లకు స్కౌట్ ఒక స్నైపర్ తుపాకీ. క్లబ్బుల తరఫున కొత్త ఆటగాళ్లను వెతికేవాళ్లను కూడా ఇంగ్లిష్ వార్తల్లో స్కౌట్ అనే రాస్తారు. మాటను మాత్రమే పట్టుకుని వార్తలు పోగేసే యాప్ ఈ నాలుగింటినీ ఒకే బుట్టలో పోస్తుంది. అలా పోసిన బుట్టను అభిమాని రెండు రోజులు చూసి మూడో రోజు యాప్ తీసేస్తాడు.

వార్తల యాప్ అనగానే తయారుచేసేవాళ్లకు ముందుగా తోచేది ఫీడ్: ఒకదాని కింద ఒకటి శీర్షికలు, పక్కన చిన్న బొమ్మ. రాజకీయాలకు, సినిమాకు అది చాలు. ఈ-స్పోర్ట్స్ అభిమాని మాత్రం ప్రధానంగా మూడే అడుగుతాడు. నా జట్టు ఎప్పుడు ఆడుతోంది, ఏమైంది, ఎందుకలా అయింది. మూడు ప్రశ్నలూ మ్యాచ్ చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి డేటాబేస్‌లో అసలు వస్తువు మ్యాచ్ కావాలి, వార్త దానికి కట్టిన చీటీ కావాలి. ఫీడ్ ముందు కట్టేసి స్కోర్లు తర్వాత అతికిద్దామనుకుంటే ఆరు నెలలకు మొత్తం విప్పి మళ్లీ కుట్టుకోవాల్సి వస్తుంది.

మ్యాచ్ పట్టిక గీసేటప్పుడే మొదటి పొరపాటు జరుగుతుంది. క్రికెట్ అలవాటు కొద్దీ 'జట్టు ఒకటి', 'జట్టు రెండు' అని రెండు గళ్లు పెట్టేస్తారు. రెండు జట్లే తలపడే వాలొరెంట్‌కు, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు, కౌంటర్-స్ట్రైక్‌కు అది నడుస్తుంది. బీజీఎంఐ దగ్గరకు రాగానే కూలిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒకే మ్యాచ్‌లో 16 జట్లు, జట్టుకు నలుగురు చొప్పున 64 మంది దిగుతారు. మొదటి స్థానానికి 10 పాయింట్లు, తర్వాతి స్థానాలకు వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1, ఆపైన ఒక్కో ఫినిష్‌కు (ప్రత్యర్థిని పడగొట్టినందుకు) ఒక్కో పాయింటు. చికెన్ డిన్నర్ కొట్టి (చివరిదాకా మిగిలి మొదటి స్థానం తెచ్చుకుని) 3 ఫినిష్‌లు చేసిన జట్టుకు 13 వస్తే, మూడో స్థానంలో ఆగి 9 ఫినిష్‌లు చేసిన జట్టుకు 14 వస్తాయి. 'గెలిచింది ఎవరు' అన్న ఒక్క గడిలో ఈ తేడా ఇమడదు. అందుకే మూడు అంచెలు కావాలి: టోర్నీ దశ, దాని కింద ఒక్కో ఆట, దాని కింద ఎంతమంది పాల్గొంటే అన్ని వరుసలు. ప్రతి వరుసలో స్థానం, ఫినిష్‌లు, మొత్తం పాయింట్లు వేర్వేరుగా ఉండాలి. పాయింట్లు సమానమైతే ముందు చికెన్ డిన్నర్ల లెక్క, తర్వాత స్థానాల పాయింట్లు, ఆ తర్వాత ఫినిష్‌లు చూస్తారు కాబట్టి మొత్తం ఒక్కటే దాచుకుంటే పట్టిక క్రమం తప్పుతుంది. నియమావళి టోర్నీని బట్టి మారొచ్చు గనుక ఈ సూత్రం కోడ్‌లో కాక టోర్నీ వివరాల్లో ఉండాలి. నిర్వాహకులు పాయింట్లను తర్వాత సరిదిద్దే సందర్భాలూ ఉంటాయి. ధ్రువీకరణ వచ్చేదాకా పట్టిక మీద 'అనధికారికం' అన్న ముద్ర కనిపించాలి.

వేళ సంగతి ఇంకా సున్నితం. మన దేశంలో గడియారం ఏడాదంతా ఒకటే కావడంతో ఇక్కడ కూర్చుని యాప్ రాసేవాళ్లకు వేసవి సమయం, చలికాలం సమయం అన్న తేడా తట్టదు. 2024 లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ టోర్నీ సెమీస్ ప్యారిస్‌లో అక్టోబర్ 26, 27 తేదీల్లో జరిగాయి. ఆ రెండు రోజుల మధ్య రాత్రే యూరప్ గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. శనివారం దాకా ప్యారిస్‌కూ మనకూ మూడున్నర గంటల తేడా, ఆదివారం నుంచి నాలుగున్నర. అక్కడి వేళను మన వేళలోకి ఒకసారి మార్చి దాచిపెట్టిన యాప్ రెండో సెమీస్‌కు గంట ముందే 'మొదలైంది' అని కేక పెడుతుంది. మ్యాచ్ వేళను యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) దాచి, పక్కనే వేదిక కాలమండలం పేరును 'యూరప్/ప్యారిస్' అన్న రూపంలో ఉంచి, చూపించే క్షణంలో మాత్రమే మన వేళలోకి మార్చాలి. యూటీసీకి 'ప్లస్ రెండు' గంటలు లాంటి అంకె దాస్తే ఉపయోగం లేదు, ఆ అంకె ఏడాదికి రెండుసార్లు మారుతుంది.

పైగా చాలా మ్యాచ్‌లకు కచ్చితమైన వేళే ఉండదు. ఒకే వేదికపై రెండు సిరీస్‌లు వరుసగా ఉంటే, మొదటిది మూడో మ్యాప్‌కు (మూడో ఆటకు) వెళితే రెండోది గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. అందుకని రెండు గళ్లు పెట్టుకోవాలి: ప్రకటించిన వేళ ఒకటి, 'ముందటి మ్యాచ్ అయ్యాక' అన్న గొలుసు మరొకటి. ముందటి సిరీస్ స్కోరు 1-1 అయిన వెంటనే తర్వాతి దాని పక్కన 'ఆలస్యం కావచ్చు' అని తనంతట తానే పడాలి.

ఇక పేర్లు. ఈ యాప్‌లో అత్యధిక శ్రమ పేర్ల దగ్గరే, తక్కువ గుర్తింపు వచ్చే పని కూడా అదే. ఒక సంస్థకు అనేక ఆటల్లో జట్లుంటాయి. టీ1 అంటే లీగ్ జట్టూ అవుతుంది, వాలొరెంట్ జట్టూ అవుతుంది. స్పాన్సర్ వస్తే పేరుకు ముందు ఇంకో పేరు చేరుతుంది: 'టీమ్ సోల్' కాస్తా 'ఐకూ సోల్' అవుతుంది, 'గాడ్‌లైక్' కాస్తా 'హీరో ఎక్స్‌ట్రీమ్ గాడ్‌లైక్' అవుతుంది. డోటా 2 అనే ఆట అభిమానికి ఓజీ అంటే 2018లోనూ 2019లోనూ ది ఇంటర్నేషనల్ అనే ఆ ఆట ప్రపంచ టోర్నీ గెలిచిన యూరప్ జట్టు. బీజీఎంఐ అభిమానికి ఓజీ అంటే ఒరాంగుటాన్ అనే జట్టు. కాబట్టి సంస్థ, ఆట వారీ జట్టు, ఆటగాడు ముగ్గురికీ విడివిడి గుర్తింపు సంఖ్యలు ఇచ్చి, పేర్లను వేరే పట్టికలో 'ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు' అన్న గడువుతో ఉంచాలి. ఆటగాడు జట్టు మారితే పాత వరుసకు ముగింపు తేదీ పడుతుంది, కొత్త వరుస చేరుతుంది, ఏదీ చెరపకూడదు. రెండేళ్ల నాటి వార్త తెరిస్తే ఆనాటి జట్టు పేరే కనిపించాలి.

వార్తలో స్కౌట్ అని ఉంటే ఏ స్కౌట్ అని తేల్చడానికి ఖరీదైన ఏఐ మోడల్ అక్కర్లేదు. ఆ వార్తలో ఇంకేమున్నాయో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పక్కన 'మిడ్', 'ఎల్‌పీఎల్' (చైనా లీగ్) ఉంటే ఒకరు, 'ఎరాంగెల్' (బీజీఎంఐలోని ఒక మ్యాప్), 'ఎక్స్‌స్పార్క్' ఉంటే మరొకరు. ఏ సైట్ నుంచి వచ్చింది, ఆ రోజు ఎవరి మ్యాచ్ ఉంది అన్నవి ఇంకో రెండు ఆధారాలు. వీటికి మార్కులు వేసి, మొదటి అభ్యర్థికీ రెండో అభ్యర్థికీ మధ్య తేడా తక్కువైతే ఆ వార్తను ఎవరికీ అంటించకుండా మనిషి చూసే వరుసలో పడేయాలి. తప్పు జట్టుకు అంటించడం కంటే అంటించకపోవడం మేలు. అభిమాని ఒక వార్త తప్పిపోతే గమనించడు, వేరేవాళ్ల వార్త తన జట్టు పేజీలో కనిపిస్తే వెంటనే గమనిస్తాడు.

సరుకు ఎక్కడినుంచి తేవాలి

ఆర్‌ఎస్‌ఎస్ (యంత్రాలు చదవగలిగే తాజా వార్తల జాబితా) ఇచ్చే సైట్లతో మొదలుపెట్టడం తేలిక. 60 సైట్లను 5 నిమిషాలకోసారి పలకరిస్తే రోజుకు ఒక్కోదానికి 288 చొప్పున మొత్తం 17,280 పిలుపులు. సైట్ ఇచ్చిన ఈట్యాగ్‌ను (పేజీ మారిందో లేదో తెలిపే గుర్తును), చివరిగా మారిన వేళను దాచుకుని తిరిగి పంపితే, కొత్తది లేనప్పుడు 'మారలేదు' అని చెప్పే 304 అన్న చిన్న జవాబు మాత్రమే వస్తుంది. ఇది చేయని యాప్‌ను సైట్లు నిరోధిస్తాయి, అందులో వాళ్ల తప్పేమీ లేదు. రోజుకు ఒక వ్యాసం వేసే సైటును 5 నిమిషాలకోసారి తట్టడం కూడా వృథా. గత వారం ఎంత వేగంగా రాసిందో చూసి విరామం 5 నిమిషాల నుంచి 2 గంటల దాకా తానే సర్దుకునేలా పెట్టాలి.

యూట్యూబ్ దగ్గర లెక్క తప్పితే మధ్యాహ్నానికే కోటా అయిపోతుంది. డేటా ఏపీఐకి (మన సాఫ్ట్‌వేర్ నేరుగా వివరాలు అడిగే ద్వారానికి) మామూలుగా రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు. వెతుకులాట పిలుపు ఒక్కోదానికి 100 యూనిట్లు పోతాయని లెక్క, అంటే రోజు మొత్తానికి 100 వెతుకులాటలే. అదే ఛానెల్ అప్‌లోడ్ల ప్లేలిస్టు అడిగితే 1 యూనిట్. 40 ఛానెళ్లను 10 నిమిషాలకోసారి ప్లేలిస్టు దారిలో చూస్తే 5,760 యూనిట్లు. అదే పని వెతుకులాటతో చేస్తే 5,76,000. ఇంకా మంచి దారి ఉంది: కొత్త వీడియో పడగానే యూట్యూబే మన సర్వర్‌కు కబురు పంపే వెబ్‌సబ్ చందా. ఆ చందాకు గడువు ఉంటుంది, తిరిగి కట్టుకోవడం మరిస్తే ఒక రోజు చడీచప్పుడు లేకుండా వీడియోలు ఆగిపోతాయి. లాగ్‌లో లోపమేమీ కనిపించదు కాబట్టి ఎవరికీ తెలియదు. 'ఈ ఛానెల్ నుంచి 48 గంటలుగా ఏమీ రాలేదు' అన్న హెచ్చరిక పెట్టుకోవడమే మందు.

టోర్నీల వివరాలకు లిక్విపీడియా అమూల్యం. స్వచ్ఛంద సంపాదకులు కట్టిన భాండాగారం అది, దాని షరతులను గౌరవించి తీరాలి. మామూలు పిలుపులు రెండు సెకన్లకు ఒకటి, పేజీని విడదీసి ఇచ్చే పార్స్ పిలుపు 30 సెకన్లకు ఒకటి, మన యాప్ పేరూ సంప్రదించే చిరునామా ప్రతి పిలుపుతో వెళ్లాలి. 30 టోర్నీ పేజీలు ఉంటే ఒక చుట్టు తిరిగి రావడానికి 15 నిమిషాలు. లైవ్ స్కోర్‌కు అది పనికిరాదు, షెడ్యూలుకు బాగా పనికొస్తుంది. అక్కడి పాఠ్యం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది కాబట్టి మూలం పేరు తెరమీద కనిపించాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్, వాలొరెంట్ తయారుచేసిన రయట్ కంపెనీ ఆటలకు దాని సొంత ఏపీఐ ఉంది. అభ్యాసానికి ఇచ్చే తాళం (ఏపీఐ కీ) 24 గంటలకే చచ్చిపోతుంది, అందుకే ముందురోజు పనిచేసిన యాప్ డెమో రోజున ఖాళీ తెర చూపిస్తుంది. ఉత్పత్తి తాళానికి ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. లైవ్ స్కోర్ కావాలంటే డబ్బు కట్టి డేటా కొనుక్కోవడమే సరైన దారి. ప్రసారం బొమ్మ మీద అంకెలు చదివించే అడ్డదారులు గ్రాఫిక్స్ డిజైన్ మారిన రోజున పడిపోతాయి.

ఒక ఆటగాడు జట్టు మారాడని ఒక్క పోస్టు పడితే పన్నెండు సైట్లు అదే సంగతి తిప్పి రాస్తాయి. వీటిని ఒక గుత్తిగా కట్టడానికి మాటల పోలిక చూసే సిమ్‌హాష్ లాంటి పద్ధతులు పొడుగు వ్యాసాలకు బాగుంటాయి, పది మాటల శీర్షికలకు సరిగా పనిచేయవు. తెలుగులో ఒకటి ఇంగ్లిష్‌లో ఒకటి ఉంటే అసలే కలవవు. ఇక్కడా పేర్ల పట్టికే ఆదుకుంటుంది: అదే ఆటగాడు, అవే రెండు జట్లు, అదే రకం సంఘటన, 48 గంటల లోపు. నాలుగూ కలిస్తే ఒకే గుత్తి. గుత్తికి ముఖంగా మొదట రాసినవాళ్లనే ఉంచాలి. క్లిక్కులు ఎక్కువొచ్చిన నకలును ముందుపెడితే చెమటోడ్చి వార్త తెచ్చిన విలేకరికి అన్యాయం జరుగుతుంది, కొన్నాళ్లకు తేవడానికి ఎవరూ మిగలరు.

ఫలితం చెప్పకుండా వార్త చెప్పడం

కొరియాలో సాయంత్రం 5 గంటలకు మ్యాచ్ అంటే మనకు మధ్యాహ్నం 1:30. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడు ఆ వేళకు భోజనం ముగించి మీటింగ్‌లో ఉంటాడు. రాత్రి మారతహళ్లి పీజీకి చేరి, తిని, పడుకుని రికార్డింగ్ చూస్తాడు. అప్పటిదాకా ఫలితం అతని కంట పడకూడదు. ఇది చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, మన వేళల్లో బతికే అభిమానికి ఈ యాప్ విలువంతా దాదాపు ఇందులోనే ఉంది.

'స్పాయిలర్ దాచు' అన్న బటన్ పెట్టి స్కోరు అంకెల మీద ముసుగేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఫలితం కారిపోయే చిల్లులు చాలా ఉన్నాయి. శీర్షికలో స్కోరు లేకపోయినా బొమ్మలో కప్పు ఎత్తుకున్న జట్టు ఉంటుంది. బొమ్మ దాచినా వీడియో నిడివి చెప్పేస్తుంది: ఐదు ఆటల సిరీస్ రికార్డింగ్ రెండు గంటలే ఉంటే 3-0 అని ఎవరికైనా అర్థమవుతుంది. నిడివి దాచినా 'నాలుగో ఆట', 'ఐదో ఆట' అని విడి వీడియోలు ఉంటే సిరీస్ ఎంతదూరం వెళ్లిందో తెలిసిపోతుంది. అవన్నీ దాచినా తర్వాతి రౌండ్ షెడ్యూలులో గెలిచిన జట్టు పేరు వచ్చేస్తుంది. టోర్నీ పట్టిక, జట్టు పేజీలో 'గత ఐదు మ్యాచ్‌లు', వెతుకులాట పెట్టెలో తనంతట వచ్చే సూచన... ఇవీ అంతే.

కాబట్టి దాపరికం తెరమీద కాదు, మ్యాచ్ దగ్గరే మొదలవ్వాలి. ప్రతి వార్తకూ, బొమ్మకూ, వీడియోకూ, తర్వాతి మ్యాచ్‌కూ 'ఇది ఫలానా మ్యాచ్ ఫలితాన్ని బయటపెడుతుంది' అన్న గుర్తు కట్టాలి. వాడుకరి ఆ మ్యాచ్‌పై 'చూశాను' అని నొక్కిన క్షణాన దానికి కట్టినవన్నీ ఒకేసారి విచ్చుకోవాలి. వీడియో జాబితాలో ఎప్పుడూ ఐదు గళ్లు చూపాలి, మూడే ఆటలు జరిగినా సరే. ఖాళీ గడి నొక్కితేనే 'సిరీస్ ముందే ముగిసింది' అని చెప్పాలి. 72 గంటలు దాటాక గుర్తు తనంతట తాను తొలగినా ఫర్వాలేదు, కానీ ఆ గడువును వాడుకరి మార్చుకోగలగాలి.

ఇంకో చిల్లు బయటికి వేగంలా కనిపిస్తుంది. పోటీలో మోసం జరగకుండా ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యంగా వదలడం మామూలు. డబ్బు కట్టి కొన్న స్కోర్ డేటా అంతకంటే ముందే వస్తే, స్ట్రీమ్‌లో ఆఖరి రౌండ్ నడుస్తుండగానే ఫోన్ గణగణమని ఫలితం చెప్పేస్తుంది. లైవ్ చూస్తున్నవాడికి అంతకంటే చేదు ఉండదు. టోర్నీ వారీగా ప్రసార ఆలస్యాన్ని కొలిచి, స్కోరును అంతసేపు ఆపి పంపాలి.

నోటిఫికేషన్ల విషయంలో అందరూ చేసే తప్పు, యాప్ తెరవగానే అనుమతి అడగడం. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు వాడుకరి ఒప్పుకోవాలి, రెండుసార్లు కాదంటే ఆ పెట్టె ఇక తెరమీదకు రాదు. వాడుకరి మొదటి జట్టును అనుసరించిన వెంటనే 'ఈ జట్టు మ్యాచ్ మొదలైనప్పుడు చెప్పమంటారా' అని అడిగితే కారణం అతనికే కనిపిస్తుంది. మ్యాచ్ ఆరంభం, ఫలితం, బదిలీ వార్తలు, రోజు సారాంశం నాలుగూ నాలుగు విడి నోటిఫికేషన్ ఛానెళ్లుగా ఉండాలి. అన్నీ ఒకే ఛానెల్‌లో పోస్తే బదిలీ పుకార్లతో విసిగినవాడు మ్యాచ్ ఆరంభాన్ని కూడా మూసేస్తాడు.

గడువు పెట్టడం చాలామంది మరుస్తారు. గూగుల్ ఫైర్‌బేస్ సేవ ద్వారా పంపే సందేశానికి మనం ఏమీ చెప్పకపోతే నాలుగు వారాల ఆయుష్షు ఉంటుంది. పర్పుల్ లైన్ మెట్రో ఎం.జి. రోడ్ దాటి కబ్బన్ పార్క్ వైపు భూగర్భంలోకి దిగుతుంది. అక్కడ సిగ్నల్ తెగిందనుకుందాం. మెజెస్టిక్ దాటి పైకొచ్చాక 'మ్యాచ్ మొదలవుతోంది' అన్న కబురు చేరినా అప్పటికి మొదటి ఆట సగం అయిపోయి ఉండొచ్చు. శుక్రవారం రాత్రి కె.ఆర్.పురంలో తిరుపతి బస్సెక్కి ఫోన్ ఆపేసినవాడికి పొద్దున్నే నిన్నటి ఆరంభాలన్నీ వరుసగా మోగుతాయి. ఆరంభం కబురుకు 10 నిమిషాల ఆయుష్షు, ఫలితానికి 6 గంటలు, సారాంశానికి ఒక రోజు పెడితే సరిపోతుంది. ఒకే మ్యాచ్‌పై వచ్చే కబుర్లు ఒకదాన్నొకటి తొలగించుకోవాలి, పేరుకుపోకూడదు.

ఈ అభిమాని ఫోన్ సంగతీ మరవకూడదు. బీజీఎంఐ లాంటి ఆట ఒక్కటే కొన్ని జీబీలు తినేస్తుంది, ఫోన్‌లో జాగా ఎప్పుడూ అంతంతమాత్రమే. నిల్వ నిండిందన్న హెచ్చరిక వస్తే ముందు పోయేది వార్తల యాపే. డౌన్‌లోడ్ 15 ఎంబీ లోపు, దాచుకునే బొమ్మలు 50 ఎంబీ లోపు అన్న హద్దు మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.

తెలుగు దగ్గర వచ్చే చిక్కులు

ఇంగ్లిష్ వార్తను యంత్రానువాదంతో తెలుగు చేసి వడ్డిద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. అడ్డూ ఆపూ లేకుండా వదిలితే టీమ్ సోల్ 'జట్టు ఆత్మ' కావొచ్చు, గాడ్స్ రైన్ జట్టు 'దేవుళ్ల పాలన' కావొచ్చు, ప్యాచ్ నోట్స్ (ఆటలో చేసిన మార్పుల జాబితా) 'అతుకుల గమనికలు' కావొచ్చు. ఇలాంటి తెలుగు చదివే అభిమాని లేడు. పేర్లను, ఆట మాటలను అనువాదానికి ముందే గుర్తుపట్టి, వాటి స్థానంలో మార్పులేని గుర్తులు పెట్టి, అనువాదం అయ్యాక తెలుగు లిపిలో తిరిగి నింపాలి. క్లచ్, రోస్టర్, ఫినిష్, రొటేషన్ లాంటివి తెలుగు కుర్రాళ్లు ఎలా పలుకుతారో అలాగే ఉండాలి. వీటికి కొత్త తెలుగు మాటలు పుట్టించాల్సిన పని లేదు. అనువాదంలోనైనా సారాంశంలోనైనా అంకెలు మాత్రం యంత్రం రాసిన వాక్యం నుంచి రాకూడదు, మ్యాచ్ పట్టిక నుంచే రావాలి.

తిరిగి నింపేటప్పుడు విభక్తి అడ్డొస్తుంది. తెలుగులో ప్రత్యయం పేరుకే అతుక్కుంటుంది: గాడ్‌లైక్‌కు, గాడ్‌లైక్‌తో, గాడ్‌లైక్‌పై, సోల్‌ను. ఇంగ్లిష్ కోసం రాసిన పేరు గుర్తింపు ఇక్కడ గుడ్డిదవుతుంది. చివరి నుంచి ను, కు, కి, తో, పై, లో, దే, నుంచి లాంటివి తీసి చూసే చిన్న దశ కావాలి. ఇంకా లోతున ఒక కనిపించని అక్షరం ఉంది. 'గాడ్‌లైక్' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత లకారం వత్తుగా మారకుండా ఒక శూన్య వెడల్పు గుర్తు పడుతుంది. కొందరు టైపు చేసేవాళ్లు అది పెడతారు, కొందరు ఖాళీ వదులుతారు, కొందరు రెండూ చేయక 'గాడ్లైక్' అని రాస్తారు. వెతుకులాట సూచీలో మూడూ ఒకటే కావాలి, అంటే సూచీ కట్టేటప్పుడు ఆ గుర్తునూ ఖాళీనీ తీసేయాలి, చూపేటప్పుడు మాత్రం ఉంచాలి. ఇక వాడుకరి పెట్టెలో టైపు చేసేది ఎక్కువగా రోమన్ లిపిలో తెలుగే. 'ఎప్పుడు' అన్న ఒక్క మాటను నాలుగు రకాలుగా రాస్తారు. ప్రతి జట్టుకూ ఇంగ్లిష్ పేరు, తెలుగు పేరు, పొట్టి పేరు, ముద్దుపేరు అన్నీ మారుపేర్ల పట్టికలో చేరితేగానీ వెతుకులాట పనికిరాదు.

శీర్షిక పొడుగైతే కత్తిరించడంలోనూ జాగ్రత్త. యూనికోడ్ సంకేతాలు లెక్కపెట్టి 60వ దగ్గర కోస్తే 'క్షణం' మధ్యలో తెగి 'క్' అని మిగలొచ్చు. మనిషి కంటికి కనిపించే అక్షరాన్ని ఒక ముక్కగా లెక్కించే పద్ధతి వాడాలి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు సరిపోయినంత పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను రాసుకుంటాయి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఎడం ఇచ్చి, 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలతో పరీక్షించి చూడాలి.

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల గదిలో భాష ఒక్కటి ఉండదు. యాప్ తెలుగులో కావాలి, వ్యాఖ్యానం హిందీలో వింటారు, లోతైన విశ్లేషణ ఇంగ్లిష్‌లో చదువుతారు. పక్క మంచం మీద కన్నడిగుడో తమిళుడో ఉంటాడు, మ్యాచ్ లంకె వాళ్లకూ పంపాలి. కాబట్టి భాషను ఒకే ఒక ఎంపికగా అడగకూడదు. తెర భాష, చదివే భాషలు, వినే భాషలు విడివిడిగా అడగాలి. పంచుకున్న లంకె తెరిచినవాళ్ల భాషలో తెరుచుకోవాలి.

ఏ వార్త ముందు రావాలన్నది క్లిక్కులకు వదిలేస్తే ఏమవుతుందో 2022-23 చూపించింది. 2022 జూలై 28న బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో తిరిగొచ్చేదాకా దాదాపు పది నెలలు 'ఫలానా తేదీన తిరిగొస్తోంది' అన్న పుకార్లకు కొదవలేదు. ఆత్రంగా ఉన్న అభిమాని ప్రతిదాన్నీ నొక్కుతాడు. నొక్కులే కొలమానమైతే యాప్ అంతా అవే నిండుతాయి. ప్రతి వార్తకూ అధికారికం, పేరున్న విలేకరి కథనం, ఊహాగానం అన్న మూడు ముద్రల్లో ఒకటి వేసి, ఊహాగానానికి నోటిఫికేషన్ ఎప్పటికీ పంపకూడదు. ఒక మూలం చెప్పినవి తర్వాత నిజమయ్యాయా లేదా అని లెక్క ఉంచి దాని బరువును నెలకోసారి మార్చాలి. వార్త వడిలిపోయే వేగం కూడా రకాన్ని బట్టి ఉండాలి. ఫలితం బరువు 6 గంటల్లో సగమవ్వాలి, బదిలీ వార్తది ఒక రోజులో. ప్యాచ్ నోట్స్‌కు గడియారంతో పనిలేదు, తర్వాతి ప్యాచ్ వచ్చేదాకా అది తాజాగానే ఉంటుంది.

చట్టం వైపు మూడు సంగతులు డిజైన్‌నే మార్చేస్తాయి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, డబ్బు పందెపు ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రకటన వేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. ప్రకటనల నెట్‌వర్క్ తనంతట తాను వడ్డించేదాన్ని నమ్మి కూర్చోకూడదు, ఆ వర్గాలను ముందే మూసి రోజూ తనిఖీ చేయాలి. విదేశీ సైట్ల వార్తల్లో కలిసి వచ్చే బెట్టింగ్ లంకెలనూ వడకట్టాలి. రెండోది, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం. దానికి 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల ప్రవర్తనను వెంటాడటం, గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. ఈ-స్పోర్ట్స్ అభిమానుల్లో ఇంటర్ చదివేవాళ్లు ఎంతమందో తెలిసిందే. 'ఏం నొక్కాడు' అని గూఢచర్యం చేసే బదులు 'ఏ జట్టును అనుసరిస్తున్నాడు' అన్న అతని మాటనే నమ్మి, వరుస క్రమాన్ని ఫోన్‌లోనే లెక్కించడం మంచిది. మూడోది, 2021 ఐటీ నియమాలు వార్తలు పోగుచేసే సంస్థలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. కాపీరైట్ దగ్గర శీర్షిక, ఒకటి రెండు వాక్యాలు, అసలు సైటుకు లంకె అన్న గీత దాటకపోవడమే క్షేమం. ఫొటోలు మాత్రం అడిగి తీసుకోవాలి.

మొదటి విడుదలకు ఒకే ఆట చాలు. దాన్ని జనంలోకి వదిలే ముందు పాత టోర్నీ ఒకటి తీసుకుని మళ్లీ ఆడించి చూడాలి. 2024 జూన్ 28 నుంచి 30 దాకా హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన బీజీఐఎస్ (బీజీఎంఐ టోర్నీ) గ్రాండ్ ఫైనల్స్ ఇందుకు బాగుంటాయి. ఆ మూడు రోజుల వార్తలు, వీడియోలు, పాయింట్లు అన్నీ అసలు వేళల గుర్తులతో సేకరించి, పదిరెట్లు వేగంగా యాప్‌లోకి పంపాలి. ఎన్ని వార్తలు తప్పు జట్టుకు అంటుకున్నాయి, ఎన్ని గుత్తులు రెండుగా చీలాయి, 'చూడలేదు' అని పెట్టిన పరీక్షా ఖాతాకు టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలుపు ఎన్ని దారుల్లో కారిపోయింది, అన్నీ కాగితం మీద రాసుకోవాలి. స్కౌట్ పేరు వచ్చిన ప్రతి వార్తనూ ఒక మనిషి తెరిచి, చదివి, సరైన స్కౌట్‌కే అంటుకుందో లేదో టిక్కు పెట్టాలి.